ఎనిమిది లక్షలతో రేస్ కారు: సగం కట్టడానికి, సగం నడపడానికి

గుంటూరు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "అన్నా, ఇంట్లో 2008 స్విఫ్ట్ పెట్రోల్ ఉంది. ఎనిమిది లక్షలు కూడబెట్టాను. టర్బో పెట్టించి చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూర్‌లో రేసుకి దిగాలనుంది. ఊరికే తిరిగి రావడం కాదు, గట్టి పోటీ ఇవ్వాలి. ఎక్కడ మొదలుపెట్టాలి? ఆటోనగర్‌లో ఈ పని ఎవరు చేస్తారు?"

తమ్ముడూ, విజయవాడ ఆటోనగర్‌లో నాకు చిన్న షెడ్డు ఉంది. పగలు కస్టమర్ల బండ్లు, రాత్రిళ్లు నా రేస్ కారు. పదమూడేళ్లలో మూడు కార్లు కట్టాను. మొదటిది ఎస్టీమ్, తర్వాతి రెండూ నీ దగ్గరున్న తరం స్విఫ్ట్‌లే. స్పాన్సర్లు లేరు, అంతా సొంత డబ్బే. ఎనిమిది లక్షలు దాచడానికి ఎంత కాలం పడుతుందో నాకు తెలుసు. అవి ఎంత తొందరగా కరిగిపోతాయో కూడా చూశాను.

అందుకే అన్నిటికంటే ముందు ఈ మాట. కారు తయారై షెడ్డు దాటే రోజుకి నీ దగ్గర ఇంకా నాలుగు లక్షలు ఉండాలి. మొదటి కారుకి నేనీ లెక్క వేసుకోలేదు. ఉన్నదంతా కారు మీదే పెట్టాను. తళతళలాడే పెయింట్, కొత్త పిస్టన్లు, పాలిష్ పట్టించిన హెడ్. ఒక్క రేసు వారాంతం తిరిగింది. రెండో రౌండుకి టైర్లకి డబ్బు లేదు, ఎంట్రీ ఫీజుకీ లేదు. ఎనిమిది నెలలు టార్పాలిన్ కింద పడుంది. అదే ఏడాది ఒక కోయంబత్తూరు కుర్రాడు నా కంటే పాత కారు వేసుకొచ్చాడు. పెయింట్ వెలిసిపోయి ఉంది. కానీ ప్రతి రౌండుకీ వచ్చాడు, ప్రాక్టీసు సెషన్ ఒక్కటీ వదల్లేదు. ఆఖరి రౌండుకల్లా ల్యాపుకి, అంటే ట్రాక్ చుట్టూ ఒక తిప్పుకి, మూడు సెకన్లు తగ్గించాడు. కారులో కొత్తగా ఏమీ పెట్టలేదు. తిరగ్గా తిరగ్గా చెయ్యి తిరిగింది, అంతే.

ఇప్పుడు టర్బో సంగతి, అదే, ఇంజన్‌లోకి గాలి ఎక్కువ తోసి బలం పెంచే సామాను. ఆ ఆలోచన పూర్తిగా పక్కన పెట్టేయ్. మన దేశంలో కార్ రేసింగ్‌కి పెద్దదిక్కు ఎఫ్ఎంఎస్‌సీఐ. 1971లో మొదలైంది, ప్రపంచ కార్ రేసింగ్‌ని నడిపే ఎఫ్ఐఏ గుర్తింపు ఉంది. ఏ క్లాసులో ఏ కారు, దాంట్లో ఏం మార్చొచ్చు అన్నది రూల్‌బుక్‌లో ఉంటుంది. సెలూన్ కార్లకి, అంటే మన ఇళ్లలో ఉండే లాంటి కార్లకి, ఇండియన్ టూరింగ్ కార్స్, ఇండియన్ జూనియర్ టూరింగ్ కార్స్, సూపర్ స్టాక్ లాంటి క్లాసులు నడుస్తూ వచ్చాయి. స్పానర్ పట్టుకునే ముందు నువ్వు దిగబోయే క్లాసు తాజా రూల్స్ ప్రింట్ తీసి రెండుసార్లు చదువు. చదివేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకో. వద్దని రాయలేదు కాబట్టి చెయ్యొచ్చులే అని మనకి అలవాటు. ఇక్కడ దానికి తలకిందులు. చెయ్యొచ్చని రాసిందే చెయ్యాలి, రాయనిదంతా నిషేధం. ఇది ఎఫ్ఐఏ రూల్స్‌కే పునాది. మామూలు ఇంజన్ల క్లాసులో టర్బో పెట్టుకుని వెళితే స్క్రూటినీలోనే, అంటే రేసుకి ముందు కారు తనిఖీలోనే, ఇంటికి పంపిస్తారు. రూల్ అడ్డు లేదనుకున్నా, ఆ వేడికి రేడియేటర్ చాలదు, ఆ టార్క్‌కి క్లచ్, గేర్‌బాక్స్ ఆగవు. ఒక్కొక్కటే మార్చుకుంటూ పోతే నీ రెండో సగం కూడా అయిపోతుంది.

నీ స్విఫ్ట్‌లో ఉన్నది 1298 సీసీ జీ13 ఇంజన్, కొత్తలో 87 హార్స్‌పవర్. ఇదే కుటుంబం ఇంజన్ ఎస్టీమ్‌లో ఉంది, జిప్సీలో ఉంది. ఫార్ములా ఎల్‌జీబీ సింగిల్ సీటర్లలో (ఒక్కరే కూర్చునే రేస్ కార్లలో) నడిచిందీ ఈ 1300 ఇంజనే. 2010లో కంపెనీ 1.2 లీటర్ కే సిరీస్‌కి మారింది కాబట్టి రేసు కోసం ఇంకో బండి వెతికినా 2005 నుంచి 2010 మధ్యదే చూడు. తక్కువ డబ్బుతో రేసుకి దిగేవాడికి ఇంతకంటే మంచి ఇంజన్ లేదని నా గట్టి నమ్మకం. వేగం కోసం కాదు ఈ మాట అంటున్నది. శుక్రవారం గేర్‌బాక్స్ పోతే శనివారం మధ్యాహ్నానికి ఇంకోటి దొరుకుతుంది. ఆటోనగర్ పాత సామాన్ల కొట్లలో రెండు గంటలు తిరిగితే హబ్బులు, డ్రైవ్ షాఫ్టులు, ఆల్టర్నేటర్లు సంచిలో వేసుకుని రావచ్చు.

చిన్న ఇంజన్ అని చిన్నబుచ్చుకోకు. 1980ల చివర్లో కోయంబత్తూరులో ఎస్. కరివర్ధన్ గారు మారుతి 800 ఇంజన్‌తోనే సింగిల్ సీటర్ కట్టారు. 796 సీసీ. దాన్నే ఫార్ములా మారుతి అన్నారు. రేసింగ్ డబ్బున్నవాళ్ల ఆటగా మిగిలిపోకూడదని ఆయన పడ్డ తపన అది. నారాయణ్ కార్తికేయన్ మొదట్లో రేసుకి దిగింది ఆ కార్లతోనే. 2005లో ఫార్ములా వన్‌కి చేరాడు. 2003లో కోయంబత్తూరు దగ్గర తెరిచిన కరి మోటార్ స్పీడ్‌వేకి ఆ పేరు పెట్టింది కరివర్ధన్ గారి జ్ఞాపకంగానే. నేను ఆ గేటులోంచి వెళ్లిన ప్రతిసారీ ఒక్క క్షణం ఆగుతాను.

కట్టడమా, కొనడమా అన్నది నువ్వు అడగలేదు, అయినా చెబుతాను. చెన్నై, కోయంబత్తూరు టీముల దగ్గర రెండు మూడు సీజన్లు తిరిగిన కార్లు అమ్మకానికి వస్తుంటాయి. కేజ్, అంటే పల్టీ కొట్టినా డ్రైవర్ నలగకుండా లోపల వేసే పైపుల పంజరం, వేసి ఉంటుంది, బరువు దించి ఉంటుంది, సర్దుబాట్లన్నీ ఒకరు తంటాలుపడి తేల్చి ఉంటారు. అలాంటిది దొరికితే కట్టే ఖర్చులో సగానికే వస్తుంది. మొదటి కారు కొనుక్కో, రెండోది కట్టుకో అని నేనయితే మా సొంత తమ్ముడికి చెబుతాను. కాదు, నా చేత్తో కట్టిన కారులోనే దిగాలి అంటావా, ఆ ముచ్చట నాకు అర్థమవుతుంది. నేనూ అలాగే మొదలుపెట్టాను. కాకపోతే ఇంట్లో వాడే స్విఫ్ట్ జోలికి పోకు. అమ్మానాన్నల్ని ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిన బండి అది. కేజ్ వేసి సీట్లు పీకేశాక మళ్లీ రోడ్డెక్కదు. మార్పులు చేసిన బండిని రోడ్డు మీద తిప్పడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. ప్రభుత్వ అనుమతి లేకుండా రోడ్డు మీద పందేలు వేస్తే 189వ సెక్షన్, జైలు కూడా ఉంది. బెజవాడ బైపాస్ మీద రాత్రిపూట ఒక టెస్టింగ్ రౌండు వేసొద్దామని స్నేహితులు అంటారు. వద్దు. ఎదురొచ్చే కొబ్బరిబొండాల బండివాడికి నీ రేసుతో సంబంధం లేదు.

డబ్బు లెక్కకి వద్దాం. ఎనిమిది లక్షల్ని ఎనిమిది కట్టలనుకో. ఒక కట్ట, తుప్పు లేని, పెద్ద యాక్సిడెంట్ కాని పాత స్విఫ్ట్. రెండున్నర కట్టలు ప్రాణరక్షణకి: కేజ్, సీటు, బెల్టులు, మంటలార్పే సిలిండర్, కరెంటు మొత్తం ఒక్కసారిగా ఆపే కిల్ స్విచ్, నీ ఒంటి మీద వేసుకునేవి. అర కట్ట బ్రేకులు, షాకబ్జార్లు, బుష్షులు. మిగతా నాలుగు ముట్టుకోకూడదు. ఇంజన్‌కి కట్ట ఏదన్నా అని అడుగుతావు. లేదు. నాలుగు సిలిండర్లకీ కంప్రెషన్ (లోపల గాలి నొక్కుకునే ఒత్తిడి) చూడు. పది శాతం లోపు తేడాతో అన్నీ సమంగా ఉంటే ఇంజన్ విప్పొద్దు. బెల్టు, వాటర్ పంపు, థర్మోస్టాట్, ప్లగ్గులు, ఆయిల్ మార్చు, రేడియేటర్ శుభ్రం చేయించు, చాలు.

కేజ్ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి, ఎందుకంటే మన ఊళ్లో తప్పు జరిగేది ఇక్కడే. ఆటోనగర్‌లో లారీ, బస్సు బాడీలు కట్టే మేస్త్రీల పనితనం నేను కళ్లకద్దుకుంటాను. పైపు వంచడంలో, వెల్డింగ్‌లో వాళ్ల చెయ్యి చెయ్యే. కానీ ఆ షెడ్లలో మామూలుగా ఉండేది రేకుని గుండ్రంగా చుట్టి అంచులు అతికించిన పైపు. మనకి కావాల్సింది అతుకు లేనిది. ఎఫ్ఐఏ అపెండిక్స్ జె, 253వ ఆర్టికల్ అడిగేది కోల్డ్ డ్రాన్ సీమ్‌లెస్ (చల్లగా లాగి చేసిన, అతుకు లేని) కార్బన్ స్టీలు, చదరపు మిల్లీమీటరుకి కనీసం 350 న్యూటన్ల బలం. డ్రైవర్ వెనక నిలబడే మెయిన్ హూప్‌కి 45 మి.మీ. వ్యాసం, 2.5 మి.మీ. మందం, లేదా 50 వ్యాసం, 2 మందం. మిగతా పైపులకి 38, 2.5 గానీ 40, 2 గానీ.

కొట్లో పైపు కొనేటప్పుడు చివర ఒక ముక్క కోయించు. కోసిన అంచు గరుకు గీకేసి లోపల చూపుడువేలు పెట్టి మెల్లగా చుట్టూ తిప్పు. ఒకచోట గోటికి సన్నటి గట్టు తగిలిందా, అది అతుకు. ఆ పైపు అక్కడే వదిలెయ్. తగలకపోయినా పైపు చేసిన ఫ్యాక్టరీ ఇచ్చే మిల్ సర్టిఫికెట్ చూపించమను.

వంపు సంగతి కూడా అంతే ముఖ్యం. ఇసక నింపి, గ్యాస్ మంట పెట్టి ఎర్రగా కాల్చి వంచడం పాత పద్ధతి. కేజ్‌కి అది పనికిరాదు, చల్లగా ఉండగానే వంచాలి. వంపు గుండ్రం కనీసం పైపు వ్యాసానికి మూడు రెట్లు ఉండాలి. వంపు దగ్గర పైపు నొక్కుకుపోతే, చిన్న వ్యాసం పెద్ద వ్యాసంలో 0.9 వంతుకి తగ్గకూడదు. నా ఎస్టీమ్‌కి మొదట కేజ్ వేయించిన షెడ్డులో ఈ కొలతలు కాగితం మీద రాసిచ్చాను. సరేనన్నారు. నేను లేనప్పుడు వంచేశారు. పైన రంగు పడ్డాక నా కళ్లకి బాగానే ఉంది. స్క్రూటినీలో ఒక పెద్దాయన వెర్నియర్ తీసి మెయిన్ హూప్ భుజం దగ్గర ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా పెట్టాడు. ఏమీ అనలేదు. వెర్నియర్ నా చేతికిచ్చి నన్నే చూడమన్నాడు. 45 ఉండాల్సిన చోట ఒకవైపు 38 చూపించింది. కారుని మళ్లీ లారీ ఎక్కించి ఇంటికి తెచ్చుకున్నాం. ఆ కేజ్ కోసి పారేసి కొత్తది వేయించడంతోనే నా మొదటి ఏడాది డబ్బు సగం పోయింది. ఆయన ఆపకపోతే ఏమయ్యేదో రెండేళ్ల తర్వాత ఇంకొకరి కారు పల్టీ కొట్టినప్పుడు చూశాను. ఆ డ్రైవర్ తన కాళ్ల మీద తను నడిచి బయటికొచ్చాడు. అతని కేజ్ సరైనది.

కేజ్ కాళ్లు నేల మీద ఆనే చోట కారు రేకు మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. పైపుని నేరుగా రేకుకి అతికిస్తే దెబ్బకి గుచ్చుకుని కిందికి దిగిపోతుంది. 3 మి.మీ. మందం, 120 చదరపు సెంటీమీటర్లకి తగ్గని ప్లేటు వేసి, కాలికి కనీసం మూడు 8 మి.మీ. బోల్టులు బిగించాలి.

సీటుకి, బెల్టులకి ఎఫ్ఐఏ స్టిక్కరు ఉందా లేదా అన్నదే కాదు, గడువు తేదీ కూడా చూడు. సెకండ్ హ్యాండ్‌లో చవకగా వచ్చేవి చాలావరకు గడువు తీరినవే. భుజాల బెల్టులు భుజం నుంచి వెనక్కి దాదాపు అడ్డంగా పోయి కేజ్ బారుకి చుట్టుకోవాలి. చాలామంది వాటిని వెనక సీటు బోల్టులకి, నేలకి కడతారు. గుద్దుకున్నప్పుడు ఆ బెల్టు నీ భుజాల్ని కిందికి లాగుతుంది, ఆ దెబ్బ వెన్నుపూస మీద పడుతుంది. హెల్మెట్, మెడని కాపాడే హాన్స్, నిప్పు అంటుకోని సూటు, గ్లవ్స్, బూట్లు కొత్తవే కొను. కారు మారినా అవి నీతోనే ఉంటాయి. బేరం ఆడుకో, కానీ తక్కువరకానికి దిగకు.

బరువు దించడానికి డబ్బు అక్కర్లేదు, ఓపిక కావాలి. వెనక సీటు, కార్పెట్, రూఫ్ లైనింగ్, రూల్ ఒప్పుకుంటే ఏసీ మొత్తం. నేల మీద అతికించిన తారు పలకల్ని హీట్ గన్, పుట్టీ బ్లేడుతో గీకడానికి నాకు మూడు రాత్రులు పట్టింది. తీసిన ప్రతిదీ తూచి పుస్తకంలో రాసుకో. క్లాసుకి కనీస బరువు ఉంటుంది, దానికంటే కిందికి పోయి లాభం లేదు. డోర్లలో ఉండే ఇనప దూలాల్ని, కేజ్ పైపు పక్కన వచ్చి రూల్ అనుమతిస్తే తప్ప, ముట్టుకోవద్దు.

ఇక బ్రేకులు. డ్రైవర్‌తో కలిపి టన్ను బరువుండే కారు గంటకి 140 కిలోమీటర్ల మీద వస్తోంది, మలుపుకి 70కి తేవాలి. వేగం సగమే తగ్గింది కానీ కారులో ఉన్న శక్తిలో ముప్పాతిక వంతు పోవాలి. అది పోయేది వేడిగానే. లెక్కేస్తే, ఒక్క బ్రేకింగ్‌లో దాదాపు రెండు లీటర్ల చన్నీళ్లని మరగబెట్టేంత వేడి. అందులో ఎక్కువ భాగం ముందు రెండు డిస్కుల మీదే పడుతుంది. ల్యాపులో అలాంటివి నాలుగైదు, ఎనిమిది పది ల్యాపులు. డాట్ 4 బ్రేక్ ఆయిల్ కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. కానీ అది గాలిలో తేమని పీల్చుకుంటుంది. తేమ పట్టినదానికి ప్రమాణం 155 డిగ్రీలే. మన కృష్ణా తీరంలో వానాకాలం ఎలా ఉంటుందో నీకు తెలుసు. సగం వాడిన డబ్బా అలమరలో రెండు నెలలు ఉంచి దాన్నే నా రెండో కారులో పోశాను. ఐదో ల్యాపులో మెయిన్ స్ట్రెయిట్ చివర పెడల్ మీద కాలు పెడితే మెత్తగా, తడి స్పాంజి తొక్కినట్టు దిగిపోయింది. రెండుసార్లు పంపు చేస్తే కొంచెం పట్టింది. కారు ట్రాక్ పక్కన పరిచిన గులకరాళ్లలోకి పోయి ఆగింది. అప్పటినుంచి ప్రతి రేసు వారానికి ముందు సీలు తీయని డబ్బాతో మొత్తం ఆయిల్ మారుస్తాను. మిగిలింది పారేస్తాను.

ప్యాడ్లు రేసింగ్‌వి తెప్పించుకో. మామూలు ప్యాడ్లు మూడో ల్యాపుకే మెరుపెక్కి జారతాయి. రూల్ ఒప్పుకుంటే బంపర్‌లో ఫాగ్ ల్యాంపు ఉండే రంధ్రం నుంచి డిస్కు మధ్యకి గాలి పోయేలా ఒక గొట్టం వెయ్యి. ఖర్చు తక్కువ, ఫలితం మాత్రం ఆ రోజే తెలుస్తుంది.

స్విఫ్ట్ ఫ్రంట్ వీల్ డ్రైవ్. స్టీరింగు, లాగుడు, బ్రేకు అన్నీ ముందు టైర్ల మీదే కాబట్టి మలుపులో ముక్కు బయటికి పోతుంది. దీనికి మందు ముందు చక్రాలకి నెగెటివ్ క్యాంబర్ (పైభాగం కాస్త లోపలికి ఒరగడం), వెనక కొంచెం గట్టి సస్పెన్షన్. అరిగిన బుష్షుల మీద ఎంత ఖరీదైన షాకబ్జార్లు వేసినా దండగే, ముందు అన్ని బుష్షులూ, బాల్ జాయింట్లూ కొత్తవి వేయించు. లెక్కలు చూసుకోవడానికి కంప్యూటర్ అలైన్‌మెంట్ షాపుకే పోనక్కర్లేదు. తాపీ మేస్త్రీలు వాడే నైలాన్ దారం కారుకి రెండు పక్కలా సమానంగా లాగి కట్టి, రిమ్ము ముందంచు నుంచి, వెనకంచు నుంచి స్టీలు స్కేలుతో కొలిస్తే టో, అంటే చక్రం ముందంచు లోపలికో బయటికో ఎంత తిరిగిందో, తెలిసిపోతుంది. వాళ్ల తూకం గుండే వేలాడదీసి రిమ్ము పైఅంచు, కిందంచు కొలువు. 350 మి.మీ. ఎత్తు మీద 6 మి.మీ. తేడా అంటే ఒక డిగ్రీ క్యాంబర్. నేల చదునుగా ఉండాలి, అదొక్కటే షరతు. నా షెడ్డులో నాలుగు చక్రాలు ఆనే చోట గ్రానైటు ముక్కలు వేసి నీటి లెవెల్ గొట్టంతో చదును చేసుకున్నాను. ట్రాక్ దగ్గరా ఇదే దారంతో చూసుకుంటాను. పిట్స్‌లో (ట్రాక్ పక్కన కార్లు సరిచేసుకునే చోట) పెద్ద టీములవాళ్లు వచ్చి కొలతలు సరిచూసి అంతే వచ్చిందని చెప్పి వెళ్లారు.

టైర్లు చాలా క్లాసుల్లో అందరికీ ఒకటే రకం, ఎంచుకునే పని లేదు. నీ చేతిలో ఉన్నది గాలి. నాకు చల్లగా 26 పీఎస్ఐ పెడితే నాలుగు ల్యాపులకి 33 అవుతుంది. లోపలికి రాగానే, చక్రం ఆగిన నిమిషంలో కొలవాలి. టీ తాగి కొలిస్తే ఆ అంకెకి విలువ లేదు.

ఇంజన్ విప్పొద్దని చెప్పాను, కానీ అడుగున ఆయిల్ ఉండే తొట్టి, సంపు మాత్రం దించాలి. మలుపులో పక్కకి ఒక జీ బలం, అంటే బరువుకి సమానమైన తోపు, వస్తే సంపులో ఆయిల్ సరిగ్గా 45 డిగ్రీలు ఒరిగి ఒక గోడకి ఎక్కుతుంది. ఆయిల్ పీల్చుకునే గొట్టం మూతికి గాలి తగులుతుంది. పొడుగాటి మలుపులో రెండు మూడు సెకన్లు చాలు. నా మొదటి స్విఫ్ట్‌లో ఆయిల్ లైటు మలుపులో ఒకసారి మిణుకుమంది, స్ట్రెయిట్ మీదికి రాగానే ఆరిపోయింది. పట్టించుకోలేదు. రెండు సెషన్ల తర్వాత కింద నుంచి టక టక మొదలైంది. ఆటోనగర్ తెచ్చి లేతు షెడ్డులో విప్పితే మా మేస్త్రి బాబాయ్ మూడో రాడ్ బేరింగు ముక్క అరచేతిలో పెట్టుకుని వెలుతురుకి తిప్పాడు. కళాయి పోయిన రాగిగిన్నెలా ఉంది: అంచుల్లో బూడిదరంగు మిగిలింది, మధ్యలో ఎర్రటి రాగి బయటపడింది. క్రాంకు మీద వేలు పెడితే గీతలు తగిలాయి. క్రాంకు గ్రైండింగ్, బేరింగులు, గాస్కెట్లు, ఇంజన్ దించి ఎక్కించిన కూలి. దానికి బదులు సంపులో రేకు ముక్కలతో నాలుగు అడ్డుగోడలు, వాటికి లోపలికి మాత్రమే తెరుచుకునే చిన్న తలుపులు ముందే వేయించి ఉంటే ఒక పూట పని. క్లాసు రూల్‌లో ఈ అడ్డుగోడలకి (బాఫిల్) అనుమతి చూసుకుని వేయించు. ఆయిల్ ప్రెషర్ చూపించే పెద్ద మీటరు కళ్లెదురుగా పెట్టించు.

నాలుగు కట్టలు ముట్టుకోవద్దన్నాను కదా, అవి పోయే దారి ఇది. రెండు సెట్ల టైర్లు, ప్యాడ్లు, ఎంట్రీ ఫీజులు, లైసెన్సు, రేస్ స్కూలు, రవాణా, విరిగేవి. రేస్ స్కూలు మానొద్దు. ఎంత బాగా నడుపుతావని ఊళ్లో పేరున్నా సరే. జెండాలు, దారివ్వడం, బ్రేకు మీంచి కాలు మెల్లగా తీయడం అక్కడే వస్తాయి. తర్వాత ట్రాక్ డే, అంటే పోటీ లేకుండా ట్రాక్ మీద సాధన చేసుకునే రోజు, దొరికినప్పుడల్లా వెళ్లు. కరి ట్రాక్ 2.1 కిలోమీటర్లు, ఇరుంగాట్టుకోట్టైలోది దాదాపు 3.7. శ్రీపెరుంబుదూర్ ట్రాక్ అని నువ్వన్నది అదే, మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లది, 1990లో తెరిచారు. ఫోనుకి చిన్న జీపీఎస్ రిసీవర్ తగిలించి ల్యాపు సమయాలు నమోదు చేసే రేస్‌క్రోనో లాంటి యాప్ పెట్టుకో. రాత్రి రూములో కూర్చుని నీ మంచి ల్యాపు మీద చెడ్డ ల్యాపు పెట్టి చూడు. బ్రేకు ఆలస్యంగా వేసిన చోట సమయం కలిసొచ్చిందనుకుంటాం. గ్రాఫులో చూస్తే అక్కడ సెకనులో పదోవంతు సంపాదించి, మలుపు బయట యాక్సిలరేటర్ ఆలస్యంగా తొక్కి నాలుగు పదోవంతులు పోగొట్టుకుని ఉంటాం. నా సెకన్లు తగ్గిందంతా ఆ గ్రాఫుల దగ్గరే. పది హార్స్‌పవర్ కొనుక్కోవడానికి అయ్యే డబ్బుతో నాలుగు ట్రాక్ డేలు వస్తాయి. ఆ నాలుగు రోజులే ఎక్కువ వేగం ఇస్తాయి.

ప్రయాణం: ఇక్కణ్నుంచి శ్రీపెరుంబుదూర్ ట్రాక్‌కి సుమారు 450 కిలోమీటర్లు. గుంటూరు, ఒంగోలు, నెల్లూరు మీదుగా రాత్రికి బయలుదేరితే పొద్దున్నే పిట్స్‌లో ఉంటాం. కారుని నడుపుకుంటూ తీసుకెళ్లొద్దు, చిన్న లారీ మాట్లాడుకో. చెన్నై వైపు వెళ్లి ఖాళీగా తిరిగొచ్చే బండ్ల కోసం ఆటోనగర్ గేటు దగ్గర ముందుగా అడిగి పెట్టుకుంటే కిరాయి తగ్గుతుంది. ముగ్గురు మనుషులు చాలు, కానీ ఆ ముగ్గురిలో ఒకడి పని నట్లు చూడటం ఒక్కటే ఉండాలి. బిగించిన ప్రతి నట్టు మీద నెయిల్ పాలిష్‌తో గీత పెడతాం. కారు లోపలికి రాగానే అతను టార్చి పట్టుకుని గీతలు కదిలాయేమో చూస్తాడు. సూటు, హెల్మెట్ వేసుకుని అద్దాలెక్కించిన కారులో కూర్చుంటే మన వేసవికి అలవాటుపడ్డ ఒళ్లు కూడా తట్టుకోలేదు. ముందురోజు నుంచే మజ్జిగ, ఓఆర్ఎస్ తాగుతూ ఉండు.

ఆఖరికి నీ ప్రశ్న, ఆటోనగర్‌లో ఎవరు చేస్తారని. మొత్తం కారు ఒకే షెడ్డుకి అప్పజెప్పొద్దు. క్రాంకు, హెడ్ పని ఉంటే లేతు షెడ్డు. రేకు పని డెంటింగ్ మేస్త్రి. కేజ్ మాత్రం ఆర్గాన్ వెల్డింగ్ చేసేవాళ్ల దగ్గర, సొంత పైపు తీసుకెళ్లి, వంచేటప్పుడు నువ్వు పక్కన నిలబడి. రేస్ కారని గొప్పగా చెప్పొద్దు, కొలతలు కాగితం మీద రాసి గోడకి అంటించు, ఇది మనిషి తలకి అడ్డం పెట్టేది బాబాయ్ అని ఒక్క మాట చెప్పు. అలా చెప్పాక నా మూడో కారు కేజ్‌కి మా వెల్డర్ రెండు జాయింట్లు నేను అడగకుండానే కోసి మళ్లీ వేశాడు.

ముందు రూల్‌బుక్ చదివి ఏ క్లాసు అనుకుంటున్నావో ఇక్కడ రాయి. పైపు దగ్గరికి వెళ్లినప్పుడు కోసిన ముక్క ఫోటో పెట్టు, లోపలి అంచు కనపడేలా, వెలుతురులో. నేను చూసి చెప్పేదాకా డబ్బు కట్టకు.